భారీ యూనిక్స్ సర్వర్ బ్యాకప్ మెమరీ చాలక ఆగిపోతుంటే: పరిమితి పెంచాలా, పని విడగొట్టాలా, పద్ధతే మార్చాలా?

లక్షల్లో, కోట్లలో ఫైళ్లున్న యూనిక్స్ సర్వర్‌లో బ్యాకప్ సగం దూరం వెళ్లి, మెమరీ దొరకలేదన్న సందేశంతో ఆగిపోయినప్పుడు నిర్వాహకుడి ముందు ఐదు దారులుంటాయి. ప్రాసెస్‌కున్న మెమరీ పరిమితిని పెంచవచ్చు. అదే టూల్‌ను తక్కువ మెమరీతో నడిచే రీతికి మార్చవచ్చు. ఒక్క పెద్ద జాబ్‌ను చిన్న జాబ్‌లుగా విడగొట్టవచ్చు. ఫైళ్లను ఒక్కొక్కటిగా వెతికే పద్ధతినే వదిలి స్నాప్‌షాట్ (ఒక క్షణాన ఫైల్‌సిస్టమ్ ఉన్న స్థితిని నిలిపి ఉంచే ప్రతి) ఆధారిత బ్యాకప్‌కు వెళ్లవచ్చు. ర్యామ్ గానీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు మెమరీగా వాడే డిస్క్ స్థలం) గానీ కలపవచ్చు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట సరైన పరిష్కారాలే. తగని చోట వాడితే మాత్రం కొన్ని నెలలకు అదే లోపం తిరిగి వస్తుంది. కొన్నిసార్లు లోపం కనబడకుండానే బ్యాకప్‌లో కొన్ని డైరెక్టరీలు తప్పిపోతాయి. ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే ఆగిపోయిన జాబ్ సంగతి మరునాడు తెలుస్తుంది గాని, తప్పిపోయిన డైరెక్టరీ సంగతి రీస్టోర్ చేయవలసి వచ్చిన రోజున మాత్రమే తెలుస్తుంది.

అందుకే దారి ఎంచుకోవడానికి ముందు రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి: జాబ్‌ను ఆపినది ఏ పరిమితి? మీ బ్యాకప్‌లో మెమరీ వాడకం దేనిని బట్టి పెరుగుతోంది?

## ఏ పరిమితి తగిలింది?

మెమరీ చాలలేదన్న ఒక్క సందేశం వెనుక కనీసం నాలుగు కారణాలు ఉండవచ్చు.

మొదటిది ప్రాసెస్‌కు విధించిన పరిమితి, అంటే యూలిమిట్ కమాండ్ చూపించే డేటా సెగ్మెంట్, స్టాక్, వర్చువల్ మెమరీ విలువలు. ఇది తగిలినప్పుడు యంత్రంలో ఎంత ర్యామ్ ఖాళీగా ఉన్నా కెర్నల్ ఆ ప్రాసెస్‌కు అదనపు మెమరీ ఇవ్వదు. రెండవది అడ్రస్ స్పేస్ హద్దు. 32 బిట్ ప్రోగ్రామ్ ఎంత పెద్ద యంత్రంలో నడిచినా 4 జీబీ దాటలేదు, చాలా వ్యవస్థల్లో అంతకంటే ఎంతో ముందే ఆగుతుంది. మూడవది యంత్రం మొత్తంలో మెమరీ నిండుకోవడం. లినక్స్‌లో అప్పుడు ఓఓఎం కిల్లర్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని ఆపేస్తుంది. నాల్గవది కంట్రోల్ గ్రూప్ పరిమితి, అంటే కంటైనర్‌లో గానీ సిస్టమ్‌డీ సర్వీస్‌గా గానీ నడిచే జాబ్‌కు విడిగా కేటాయించిన వాటా నిండిపోవడం.

వీటిని వేరుచేసి గుర్తించడం కష్టం కాదు. మొదటి రెండింటిలో బ్యాకప్ ప్రోగ్రామ్‌కు తన లోపాన్ని చెప్పుకునే అవకాశం ఉంటుంది గనుక దాని లాగ్‌లో స్పష్టమైన సందేశం మిగులుతుంది. చివరి రెండింటిలో ప్రోగ్రామ్‌కు సిగ్నల్ 9 అందుతుంది కాబట్టి లాగ్ వాక్యం మధ్యలోనే తెగిపోయినట్టు కనబడుతుంది, షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది, అసలు వివరం కెర్నల్ లాగ్‌లో దొరుకుతుంది. కంట్రోల్ గ్రూప్ వల్ల ఆగితే ఆ మాట కూడా కెర్నల్ సందేశంలోనే ఉంటుంది. ఓవర్‌కమిట్‌ను కఠినమైన రీతిలో, అంటే విలువ 2తో నడుపుతున్న లినక్స్ సర్వర్లలో మరొక చిక్కుంది. అక్కడ ర్యామ్ ఖాళీగా కనిపిస్తున్నా, ప్రాసెస్‌లన్నిటికీ ఇస్తామని మాట ఇచ్చిన మెమరీ మొత్తం నిర్ణీత హద్దుకు చేరితే కొత్త కేటాయింపులు ఆగిపోతాయి.

ఇంకొక విషయం తప్పనిసరిగా చూడాలి. మీరు లాగిన్ అయి యూలిమిట్ నడిపినప్పుడు కనిపించేవి మీ షెల్ పరిమితులు మాత్రమే. క్రాన్ (నిర్ణీత సమయానికి జాబ్‌లను నడిపే సర్వీస్) ద్వారా గానీ, యంత్రం బూట్ అయినప్పుడు మొదలై వెనుక నడుస్తూ ఉండే డెమన్ ద్వారా గానీ నడిచే బ్యాకప్‌కు తన పేరెంట్ ప్రాసెస్ నుంచి వేరే పరిమితులు వచ్చి ఉండవచ్చు. లినక్స్‌లో లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైల్ విలువలను అమలు చేసేది లాగిన్ సమయంలో పామ్ అనే ప్రామాణీకరణ వ్యవస్థ. సిస్టమ్‌డీ సర్వీసులు ఆ ఫైల్‌ను చదవవు, వాటి పరిమితులను యూనిట్ ఫైల్‌లోనే రాయాలి. చేతితో నడిపితే పూర్తయి, రాత్రి షెడ్యూల్‌లో మాత్రం ఆగిపోయే బ్యాకప్‌లకు చాలాసార్లు కారణం ఇదే. నడుస్తున్న ప్రాసెస్‌కు నిజంగా ఏ పరిమితులు వర్తిస్తున్నాయో ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఉండే లిమిట్స్ ఫైల్ చూపిస్తుంది. ఊహించడం కంటే దానిని చదవడం మేలు.

## మెమరీ దేనిని బట్టి పెరుగుతోంది?

టూల్ ఎంపికను అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించవలసిన ప్రమాణం ఇదేనని నా గట్టి అభిప్రాయం. బ్యాకప్ పెద్దది అంటే మనకు వెంటనే తోచేది టెరాబైట్లు. కాని చాలా టూల్స్‌లో మెమరీ తినేది డేటా పరిమాణం కాదు, ఫైళ్ల సంఖ్య. పది పెద్ద డేటాబేస్ ఫైళ్లున్న 20 టెరాబైట్ల సర్వర్ తేలికగా పూర్తవుతుంది. చిన్న చిన్న మెయిల్ ఫైళ్లు కోట్లలో ఉన్న 2 టెరాబైట్ల సర్వర్ ఆగిపోతుంది.

| టూల్ లేదా పద్ధతి | మెమరీ దేనిని బట్టి పెరుగుతుంది | సుమారు లెక్క |
|---|---|---|
| పాత ఆర్‌సింక్ (3.0కు ముందు) | మొత్తం ఫైళ్ల సంఖ్య | ఫైల్‌కు దాదాపు 100 బైట్లు |
| టివోలీ స్టోరేజ్ మేనేజర్ ఇంక్రిమెంటల్ (డిఫాల్ట్ రీతి) | ఒక ఫైల్‌సిస్టమ్‌లోని ఫైళ్లు, డైరెక్టరీల సంఖ్య | ఒక్కొక్కదానికి దాదాపు 300 బైట్లు |
| బోర్గ్, రెస్టిక్ | డేటా ముక్కల సంఖ్య, అంటే ప్రధానంగా డేటా పరిమాణం | ముక్క సగటున 2 ఎంఐబీ (బోర్గ్), 1 ఎంఐబీ (రెస్టిక్) |
| మామూలు టార్ | హార్డ్ లింక్‌లున్న (ఒకే ఫైల్‌కు అనేక పేర్లున్న) ఫైళ్ల సంఖ్య | సాధారణంగా చాలా తక్కువ |
| జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లోని సెండ్ | ఫైళ్ల సంఖ్యతో సంబంధం లేదు | దాదాపు స్థిరం |

2 కోట్ల ఫైళ్లున్న ఫైల్‌సిస్టమ్‌ను తీసుకుంటే, పై లెక్క ప్రకారం పాత ఆర్‌సింక్‌కు 2 జీబీ, టివోలీ క్లయింట్‌కు 6 జీబీ కావాలి. 10 టెరాబైట్ల డేటాను బోర్గ్ దాదాపు 50 లక్షల ముక్కలుగా, రెస్టిక్ దాదాపు కోటి ముక్కలుగా చూస్తుంది. వాటి ఇండెక్స్ అంతా మెమరీలో ఉండాలి. ఫైల్‌సిస్టమ్‌లో ఎన్ని ఐనోడ్‌లు (ఒక్కొక్క ఫైల్‌కు, డైరెక్టరీకి ఒకటి చొప్పున ఉండే నమోదులు) వాడుకలో ఉన్నాయో డీఎఫ్ కమాండ్ క్షణంలో చెబుతుంది. ఆ సంఖ్య చేతిలో లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

మిగిలిన ప్రమాణాలు నాలుగు: బ్యాకప్‌కు దొరికే సమయం; మార్పు చేయడానికి రూట్ (పూర్తి నిర్వాహక) హక్కులు, రీబూట్ అవసరమా అన్నది; తొలగించిన ఫైళ్లు, హార్డ్ లింక్‌లు సరిగ్గా నమోదవుతాయా అన్నది; రీస్టోర్‌కు ఎంత మెమరీ కావాలన్నది. చివరిదాన్ని దాదాపు అందరూ మరచిపోతారు.

## మొదటి మార్గం: పరిమితిని పెంచడం

యంత్రంలో ర్యామ్ ఉండి, పరిమితి మాత్రమే అడ్డుగా ఉన్నప్పుడు ఇదే సరైన దారి. జాబ్ నిర్మాణం మారదు, రీస్టోర్ పద్ధతి మారదు, పరీక్షించవలసినది తక్కువ. అయితే ఒక్కొక్క యూనిక్స్‌లో ఈ పరిమితి ఒక్కొక్క చోట ఉంటుంది.

ఏఐఎక్స్‌లో యూజర్ పరిమితులు ఈటీసీ కింద సెక్యూరిటీ డైరెక్టరీలోని లిమిట్స్ ఫైల్‌లో ఉంటాయి. డేటా పరిమితి డిఫాల్ట్ విలువ 262144. ఇది 512 బైట్ల బ్లాకులలో చెప్పిన లెక్క గనుక 128 ఎంబీ మాత్రమే అవుతుంది, భారీ బ్యాకప్‌కు ఇది ఏ మూలకూ చాలదు. దానిని అన్‌లిమిటెడ్ చేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏఐఎక్స్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌కు డిఫాల్ట్‌గా డేటా, స్టాక్ రెండూ కలిసి ఒకే 256 ఎంబీ సెగ్మెంట్‌లో సర్దుకోవాలి. ఆ హద్దు దాటాలంటే ఎల్‌డీఆర్ కంట్రోల్ వేరియబుల్ ద్వారా మ్యాక్స్‌డేటా విలువ పెంచి, ఎక్కువ సెగ్మెంట్లు ఇవ్వాలి. సాధారణ పద్ధతిలో ఎనిమిది సెగ్మెంట్లు, అంటే 2 జీబీ వరకు ఇవ్వవచ్చు. యూలిమిట్ మార్చాము, అయినా అదే లోపం వస్తోంది అనుకునేవారు ముందుగా చూడవలసినది క్లయింట్ 32 బిట్‌దా 64 బిట్‌దా అన్నది. 64 బిట్ క్లయింట్ దొరికితే మ్యాక్స్‌డేటాతో కుస్తీ పట్టడం కంటే దానిని ఇన్‌స్టాల్ చేయడమే తెలివైన పని.

హెచ్‌పీ-యూఎక్స్‌లో మ్యాక్స్‌డిసిజ్ అనే కెర్నల్ పారామీటర్ డేటా సెగ్మెంట్‌ను నియంత్రిస్తుంది. 32 బిట్, 64 బిట్ ప్రాసెస్‌లకు దానికి వేర్వేరు రూపాలున్నాయి. సొలారిస్‌లో ప్రాజెక్ట్ రిసోర్స్ కంట్రోల్స్‌ను, జోన్‌లో నడిపితే ఆ జోన్ మెమరీ క్యాప్‌ను చూడాలి. ఫ్రీబీఎస్‌డీలో లాగిన్ క్లాస్‌లోని డేటాసైజ్ ఒక పరిమితి అయితే, కెర్నల్ స్థాయిలోని మ్యాక్స్‌డిసిజ్ దానికి పైకప్పు. రెండవది మారాలంటే లోడర్ సెట్టింగ్ మార్చి రీబూట్ చేయాలి. లినక్స్‌లో ఆర్ఎస్ఎస్ (ప్రాసెస్ ర్యామ్‌లో ఆక్రమించిన భాగం) పరిమితి కనబడుతుంది గాని ఇప్పటి కెర్నళ్లలో దాని ప్రభావం ఏమీ లేదు గనుక దానిని పెంచినా తగ్గించినా ఫలితం ఉండదు. డేటా పరిమితి మాత్రం 4.7 వెర్షన్ నుంచి ఎంమ్యాప్ అనే సిస్టమ్ కాల్ ద్వారా తీసుకున్న ప్రైవేట్ మెమరీని కూడా లెక్కిస్తుంది, కాబట్టి పాత కెర్నల్‌లో సాఫీగా నడిచిన జాబ్ అప్‌గ్రేడ్ తరువాత అదే విలువతో ఆగిపోవచ్చు.

ఆర్‌సింక్ విషయంలో వ్యవస్థ పరిమితితో సంబంధం లేని సొంత పరిమితి ఒకటుంది. కొత్త వెర్షన్లలో ఒక్కసారి అడిగే మెమరీ దాదాపు 1 జీబీ దాటకుండా మ్యాక్స్ అలాక్ అనే ఆప్షన్ ఆపుతుంది. యూలిమిట్ అంతా అన్‌లిమిటెడ్‌గా ఉన్నా, ర్యామ్ ఉన్నా కేటాయింపు విఫలమైతే దీనిని పెంచి చూడాలి.

ఈ మార్గంలోని లోపం ఒక్కటే, కాని పెద్దది: ఇది సమస్యను వాయిదా వేస్తుంది. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఫైల్‌కు 300 బైట్ల చొప్పున 1.2 కోట్ల ఫైళ్లకు 3.6 జీబీ కావాలి. పరిమితిని 4 జీబీకి పెంచితే 1.33 కోట్ల ఫైళ్ల వరకు సరిపోతుంది. నెలకు 4 లక్షల ఫైళ్లు కొత్తగా చేరే సర్వర్‌లో ఆ వెసులుబాటు మూడు నెలలకు మించి నిలవదు. మీ సర్వర్‌కు ఇదే లెక్క వేసుకుని రెండేళ్లకు పైగా గడువు వస్తే పరిమితి పెంచి ధైర్యంగా ఉండవచ్చు. గడువు ఒక ఏడాది కూడా రాకపోతే పరిమితి పెంచడాన్ని ఈ వారం గట్టెక్కే ఉపాయంగా మాత్రమే చూసి, కింది మార్గాల్లో ఒకదానికి ఏర్పాట్లు మొదలుపెట్టాలి.

## రెండవ మార్గం: అదే టూల్‌ను తక్కువ మెమరీ రీతిలో నడపడం

చాలామంది నేరుగా జాబ్‌ను విడగొట్టడానికి పూనుకుంటారు గాని, అంతకుముందు ప్రయత్నించవలసినది ఇది. చాలా టూల్స్‌లో ఈ వెసులుబాటు ముందే ఉంటుంది.

2008లో వచ్చిన ఆర్‌సింక్ 3.0, ఫైళ్ల జాబితా మొత్తాన్ని ముందుగా నిర్మించే పద్ధతిని మార్చి, డైరెక్టరీలను కొన్ని కొన్నిగా చదువుతూ బదిలీ చేసే ఇంక్రిమెంటల్ రికర్షన్‌ను తెచ్చింది. దీనివల్ల మెమరీ వాడకం ఒక్కసారిగా తగ్గుతుంది, బదిలీ కూడా వెంటనే మొదలవుతుంది. అయితే రెండు షరతులున్నాయి. రెండు చివరలా 3.0 లేదా ఆపై వెర్షన్ ఉండాలి. అవతలి సర్వర్‌లో పాతది ఉంటే మొత్తం పాత పద్ధతికి జారుకుంటుంది. రెండవది, మొత్తం జాబితా ముందే తెలియవలసిన ఆప్షన్‌లు వాడకూడదు. డిలీట్ బిఫోర్, డిలీట్ ఆఫ్టర్, ప్రూన్ ఎంప్టీ డైర్స్, డిలే అప్‌డేట్స్ అనే నాలుగూ ఈ సౌకర్యాన్ని నిశ్శబ్దంగా ఆపివేస్తాయి. ఏళ్ల క్రితం ఎవరో రాసిన స్క్రిప్ట్‌లో డిలీట్ ఆఫ్టర్ ఉండిపోవడం, దాని వల్ల కొత్త వెర్షన్ లాభం అందకపోవడం తరచుగా జరిగేదే. తొలగింపులు చివరన జరగాలన్నదే ఉద్దేశమైతే డిలీట్ డిలే వాడవచ్చు. అది ఇంక్రిమెంటల్ రికర్షన్‌తో కలిసి పనిచేస్తుంది. హార్డ్ లింక్‌లను కాపాడే ఆప్షన్ ఇచ్చినప్పుడు మాత్రం ఆ లింక్‌ల వివరాలను గుర్తుపెట్టుకోవడానికి మెమరీ తప్పక పెరుగుతుంది.

ఫైళ్ల సంఖ్య తక్కువగా ఉన్నా ఆర్‌సింక్ మెమరీ తినే సందర్భం ఒకటుంది. ఒక్కొక్కటి టెరాబైట్ ఉండే ఇమేజ్ ఫైళ్లను డెల్టా పద్ధతిలో, అంటే మారిన బ్లాకులను మాత్రమే పంపేటప్పుడు బ్లాకు పరిమాణం 128 కేఐబీ దాటదు కాబట్టి, ఒక్క ఫైల్‌కే 80 లక్షలకు పైగా చెక్‌సమ్‌లను మెమరీలో ఉంచుకోవాలి. వేగవంతమైన నెట్‌వర్క్ ఉంటే అక్కడ హోల్ ఫైల్ ఆప్షన్ ఇచ్చి డెల్టా లెక్కనే మానుకోవడం మంచిది.

టివోలీ స్టోరేజ్ మేనేజర్, ఆ తరువాత స్పెక్ట్రమ్ ప్రొటెక్ట్ పేరుతో వచ్చిన క్లయింట్‌లో మెమరీ ఎఫిషియంట్ బ్యాకప్ అనే ఆప్షన్ ఉంది. దానిని ఎస్ చేస్తే క్లయింట్ మొత్తం ఫైల్‌సిస్టమ్ జాబితాను సర్వర్ నుంచి ఒకేసారి తెచ్చుకోకుండా, ఒక్కొక్క డైరెక్టరీ చొప్పున అడుగుతుంది. మెమరీ బాగా తగ్గుతుంది. బదులుగా ప్రతి డైరెక్టరీకీ సర్వర్‌తో సంప్రదింపు జరగాలి గనుక సమయం పెరుగుతుంది. డైరెక్టరీలు ఎక్కువగా ఉండి, ఒక్కొక్కదానిలో ఫైళ్లు తక్కువగా ఉన్న చోట ఇది చక్కగా సరిపోతుంది. ఒకే డైరెక్టరీలో లక్షల ఫైళ్లు పేరుకున్న చోట, ఆ డైరెక్టరీ జాబితా ఎలాగూ మొత్తంగా రావాలి కాబట్టి, పెద్దగా లాభం ఉండదు. అలాంటి వారి కోసమే డిస్క్ క్యాష్ మెథడ్ అనే మూడవ విలువ ఉంది. జాబితాను మెమరీలో కాక డిస్క్‌లో ఉంచుతుంది. క్యాష్ ఫైల్‌కు గిగాబైట్లలో స్థలం కావాలి, ఆ డిస్క్ లోకల్‌గా, వేగంగా ఉండాలి, ఆ క్యాష్ ఉన్న చోటును బ్యాకప్ నుంచి మినహాయించాలి. అదే క్లయింట్‌లో రిసోర్స్ యుటిలైజేషన్ విలువ ఎక్కువగా ఉంటే ఒకేసారి అనేక ఫైల్‌సిస్టమ్‌ల జాబితాలు మెమరీలోకి వస్తాయన్నది గమనించాలి. దానిని తగ్గించడంతోనే కొన్ని సర్వర్లలో సమస్య తీరిపోతుంది.

కంప్రెషన్‌ను కూడా ఇక్కడే చూసుకోవాలి. టార్‌ను నిందించే ముందు దాని పైపులో అవతల ఉన్నదేమిటో చూడండి. ఎక్స్‌జెడ్ డిఫాల్ట్ స్థాయి 6కు 94 ఎంఐబీ, స్థాయి 9కి 674 ఎంఐబీ కావాలి. థ్రెడ్‌లు పెంచితే వాడకం వాటితోపాటు పెరుగుతుంది. జీజిప్ విండో 32 కేబీ మాత్రమే. చిన్న కంటైనర్‌లో ఎక్స్‌జెడ్‌ను అన్ని కోర్లతో నడిపి, ఓఓఎం కిల్లర్ వచ్చినప్పుడు బ్యాకప్ టూల్‌నే మార్చాలనుకోవడం అనవసరమైన శ్రమ.

## మూడవ మార్గం: జాబ్‌ను విడగొట్టడం

టూల్‌లో తక్కువ మెమరీ రీతి లేనప్పుడు, ఉన్నా చాలనప్పుడు పై స్థాయి డైరెక్టరీలవారీగా జాబ్‌ను పంచడం సహజమైన దారి. టివోలీ క్లయింట్‌లో వర్చువల్ మౌంట్ పాయింట్‌లు ఇందుకే ఉన్నాయి. ఆర్‌సింక్, టార్‌లతో అయితే చిన్న స్క్రిప్ట్ చాలు. కెర్నల్ మార్పులు అక్కరలేదు, రూట్ హక్కులు పరిమితంగా ఉన్నవారు కూడా చేయగలరు, ఒక భాగం విఫలమైతే దానిని మాత్రమే మళ్లీ నడపవచ్చు.

అయినా ఈ మార్గాన్ని నేను అంత సులభంగా సిఫారసు చేయను. కారణాలు మూడు.

ఒకటి, డైరెక్టరీల జాబితాను స్క్రిప్ట్‌లో చేతితో రాస్తే కొత్తగా పుట్టిన డైరెక్టరీ ఏ భాగంలోనూ చేరదు. అన్ని జాబ్‌లూ విజయవంతంగా ముగిశాయని నివేదిక వస్తుంది, ఆ డైరెక్టరీ మాత్రం ఎక్కడా ఉండదు. జాబితాను ప్రతిసారీ జాబ్ మొదలయ్యేటప్పుడే తయారుచేయాలి; దానితోపాటు, విడిగా తీసుకున్నవాటిని మినహాయించి మిగిలినదంతా పట్టే ఒక చివరి జాబ్ తప్పకుండా ఉండాలి. రెండు, పై స్థాయి డైరెక్టరీనే ఎవరైనా తొలగిస్తే ఆ భాగపు జాబ్ ఇక నడవదు గనుక ఆ తొలగింపు బ్యాకప్ వైపుకు చేరదు. పాత ఫైళ్లు అక్కడే నిలిచిపోతాయి. మూడు, రెండు భాగాల మధ్య ఉన్న హార్డ్ లింక్‌లు తెగి, రెండు వేర్వేరు ఫైళ్లుగా కాపీ అవుతాయి. హార్డ్ లింక్‌లతో పాత ప్రతులను నిలిపే డైరెక్టరీలను ఇలా విడగొడితే గమ్యస్థానంలో స్థలం ఎన్నో రెట్లు పెరగవచ్చు.

విడగొట్టిన జాబ్‌లను ఒకేసారి పక్కపక్కన నడిపితే తగ్గిందనుకున్న మెమరీ అంతా తిరిగి చేరుతుంది. కాబట్టి ఒకదాని తరువాత ఒకటి నడపాలి, లేదా ఎన్ని ఒకేసారి నడవవచ్చో ర్యామ్‌ను బట్టి లెక్కించి అంతకు మించనీయకూడదు. మొదటి భాగానికీ చివరి భాగానికీ మధ్య గంటలు గడుస్తాయి కనుక, పరస్పరం ఆధారపడిన ఫైళ్లు వేర్వేరు భాగాల్లో పడకుండా చూసుకోవాలి. వీలైతే ముందుగా స్నాప్‌షాట్ తీసి, భాగాలన్నీ దాని నుంచే చదివేలా చేయాలి.

## నాల్గవ మార్గం: స్నాప్‌షాట్ స్థాయికి మారడం

ఫైళ్లు కోట్లు దాటి, ప్రతి రాత్రీ వాటిలో మారేవి కొద్ది శాతమే అయినప్పుడు మెమరీతోపాటు సమయం కూడా సమస్యే. ప్రతి ఫైల్‌ను తాకి, మారిందా లేదా అని చూడటమే గంటలు తీసుకుంటుంది. అలాంటి చోట ఫైళ్లను వెతకని పద్ధతికి వెళ్లడమే శాశ్వత పరిష్కారం.

జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ రెండు స్నాప్‌షాట్‌ల మధ్య మారిన బ్లాకులను, ప్రతి బ్లాకు ఎప్పుడు పుట్టిందన్న సమాచారం ఆధారంగా నేరుగా గుర్తిస్తుంది. ఫైళ్లు పది ఉన్నా పది కోట్లున్నా దాని మెమరీ అవసరంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనూ సెండ్ సౌకర్యం ఉంది. ఇంతకంటే చిన్న మార్పు కావాలనుకునేవారికి, మారిన ఫైళ్లను ఎప్పటికప్పుడు నమోదు చేసే జర్నల్ ఆధారిత బ్యాకప్‌ను టివోలీ క్లయింట్ ఏఐఎక్స్, లినక్స్‌లలో ఇస్తుంది.

దీని మూల్యం రీస్టోర్‌లో కనబడుతుంది. సెండ్ స్ట్రీమ్‌ను అవతలి పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ నడిపే డిస్కుల సముదాయం)లోకి రిసీవ్ చేస్తే ఒక్కొక్క ఫైల్‌ను స్నాప్‌షాట్ డైరెక్టరీ నుంచి హాయిగా తీసుకోవచ్చు. అదే స్ట్రీమ్‌ను ఒక ఫైల్‌గా టేప్ మీదనో డిస్క్ మీదనో దాస్తే, ఒక్క ఫైల్ కావాలన్నా మొత్తం రిసీవ్ చేయాలి, మధ్యలో చిన్న పాటి నష్టం జరిగినా స్ట్రీమ్ మొత్తం తిరస్కరణకు గురవుతుంది. అందువల్ల అవతల జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ లేనివారికి ఈ మార్గం తగదు. అలాగే లినక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ తన ఏఆర్‌సీ క్యాష్‌కు తీసుకున్న మెమరీ, ఫ్రీ కమాండ్‌లో క్యాష్‌గా కాక వాడుకలో ఉన్న మెమరీగా కనబడుతుంది. అదే యంత్రంలో మెమరీ ఎక్కువగా అడిగే ఇతర జాబ్‌లు ఉంటే ఏఆర్‌సీ గరిష్ఠ పరిమాణాన్ని ముందే నిర్ణయించాలి.

## ఐదవ మార్గం: ర్యామ్, స్వాప్

ఒకేలాంటి డేటా ముక్కలను ఒక్కసారే దాచే బోర్గ్, రెస్టిక్ వంటి డీడూప్లికేషన్ టూల్స్ వాడేవారికి ర్యామ్ కలపడం నిజాయితీగల జవాబు. బోర్గ్‌లో చంకర్ పారామీటర్లు మార్చి ముక్కల పరిమాణం పెంచితే ఇండెక్స్ తగ్గుతుంది గాని, పాత ముక్కలతో కొత్తవి కలవవు, డీడూప్లికేషన్ లాభం ఆ మేరకు పోతుంది. ఆ నిర్ణయం రిపాజిటరీ మొదలుపెట్టే రోజునే తీసుకోవాలి. రెస్టిక్ గో భాషలో రాసినది కనుక గోజీసీ వేరియబుల్ విలువ తగ్గిస్తే, ప్రాసెసర్ వాడకం పెరిగి మెమరీ కొంత తగ్గుతుంది.

స్వాప్ సంగతి వేరు. ఇండెక్స్‌లో వెతుకులాట ఒక క్రమంలో సాగదు, ఎక్కడెక్కడికో దూకుతుంది. ఆ ఇండెక్స్ స్వాప్‌లోకి వెళితే జాబ్ ఆగిపోదు గాని తెల్లవారినా ముగియదు, అదే యంత్రంలోని మిగతా సర్వీసులనూ నెమ్మదింపజేస్తుంది. ఒక రాత్రి గట్టెక్కడానికి తప్ప దానిని పరిష్కారంగా ఎంచుకోవద్దు.

## పక్కపక్కన చూస్తే

| మార్గం | మార్చడం ఎంత సులువు | బ్యాకప్ సమయం | ఫైళ్లు తప్పిపోయే ప్రమాదం | ఎన్నాళ్లు నిలుస్తుంది |
|---|---|---|---|---|
| పరిమితి పెంచడం | సులువు. కొన్నిచోట్ల రీబూట్ | మారదు | లేదు | ఫైళ్ల పెరుగుదలను బట్టి |
| తక్కువ మెమరీ రీతి | సులువు | కొంత పెరగవచ్చు | లేదు | చాలాకాలం |
| విడగొట్టడం | మధ్యస్థం | కొంత పెరుగుతుంది | ఉంది | స్క్రిప్ట్‌ను గమనిస్తూ ఉన్నంత కాలం |
| స్నాప్‌షాట్ స్థాయి | కష్టం. ఫైల్‌సిస్టమ్ మద్దతు కావాలి | బాగా తగ్గుతుంది | లేదు | చాలాకాలం |
| ర్యామ్ | ఖర్చు | మారదు | లేదు | పెరుగుదలను బట్టి |

## ఎవరికి ఏది

సర్వర్ మీద పూర్తి అధికారం ఉండి, 64 బిట్ టూల్ నడుపుతూ, ర్యామ్ సగానికి పైగా ఖాళీగా ఉన్న నిర్వాహకుడు ముందుగా పరిమితినే పెంచాలి. లాగిన్ షెల్‌లో కాక జాబ్ నిజంగా నడిచే చోట పెంచి, ప్రాసెస్ నడుస్తుండగా ఆ విలువ వర్తించిందో లేదో చూసుకోవాలి.

పాత ఏఐఎక్స్ లేదా హెచ్‌పీ-యూఎక్స్ యంత్రంలో 32 బిట్ క్లయింట్‌తో తప్పనిసరిగా పనిచేయవలసినవారికి తక్కువ మెమరీ రీతే మొదటి ఎంపిక. మ్యాక్స్‌డేటా పెంచడం దానికి తోడు కాగలదు గాని దాని స్థానాన్ని తీసుకోలేదు.

రూట్ హక్కులు లేకుండా తన విభాగపు డేటాను మాత్రమే చూసుకునే వ్యక్తికి విడగొట్టడం తప్ప పెద్దగా దారులుండవు. ఆయన మూలంలోని ఫైళ్ల సంఖ్యను, బ్యాకప్‌లోని ఫైళ్ల సంఖ్యను వారానికొకసారైనా పోల్చే చిన్న తనిఖీని స్క్రిప్ట్‌తోపాటే రాసుకోవాలి. ఆ తనిఖీ లేకుండా విడగొట్టిన బ్యాకప్‌ను నమ్మడం సరికాదు.

కంటైనర్‌లలో బ్యాకప్ నడిపేవారు ముందుగా జాబ్ గరిష్ఠంగా ఎంత వాడుతుందో కొలిచి, దానిపై కొంత వెసులుబాటుతో కంట్రోల్ గ్రూప్ వాటాను నిర్ణయించాలి. గ్నూ టైమ్ కమాండ్‌ను వివరణ ఆప్షన్‌తో నడిపితే ఆ గరిష్ఠ విలువ చివరన వస్తుంది. ఓఓఎం స్కోర్‌ను తగ్గించి బ్యాకప్‌ను కాపాడుకోవాలని చూస్తే, మెమరీ నిండినప్పుడు కెర్నల్ మరొక ప్రాసెస్‌ను ఎంచుకుంటుంది. అది మీ డేటాబేస్ కావచ్చు. ఆగిపోయిన బ్యాకప్‌ను మళ్లీ నడపవచ్చు కాబట్టి ఆ దారి పట్టవద్దని గట్టిగా చెబుతాను.

ఫైళ్లు కోట్లలో ఉండి ఇంకా పెరుగుతున్న మెయిల్ సర్వర్లు, ఇమేజ్ నిల్వలు నడిపేవారు ఈ ఏడాది ఏ తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నా, తరువాతి స్టోరేజ్ మార్పిడి సమయంలో స్నాప్‌షాట్‌లున్న ఫైల్‌సిస్టమ్‌కు వెళ్లే ప్రణాళికను ఇప్పుడే మొదలుపెట్టాలి.

## రీస్టోర్‌కు కావలసిన మెమరీ

ఏ మార్గం ఎంచుకున్నా, రీస్టోర్ చేయవలసిన యంత్రం బ్యాకప్ తీసిన యంత్రమంత పెద్దది కాకపోవచ్చు. ఎక్స్‌జెడ్ స్థాయి 9తో చేసిన ఆర్కైవ్ విప్పడానికి 65 ఎంఐబీ చాలు, అది ఇబ్బంది కాదు. జెడ్‌స్టాండర్డ్‌ను లాంగ్ ఆప్షన్‌కు 31 విలువ ఇచ్చి నడిపితే మాత్రం విండో 2 జీఐబీ అవుతుంది, విప్పేటప్పుడు కూడా అంత మెమరీ కావాలి, పైగా విప్పే కమాండ్‌కు ఆ అనుమతిని విడిగా ఇవ్వాలి. రెస్టిక్ రీస్టోర్ సమయంలోనూ రిపాజిటరీ ఇండెక్స్‌ను మెమరీలోకి తెచ్చుకుంటుంది గనుక, ఒక్క ఫైల్ కోసం అయినా చిన్న రెస్క్యూ యంత్రం సరిపోకపోవచ్చు. విపత్తు రోజున మీకు నిజంగా దొరికే యంత్రం ఎంతదో, దానికి ఏ యూలిమిట్ విలువలు వర్తిస్తాయో తెలుసుకుని, అంతే మెమరీ ఇచ్చిన కంట్రోల్ గ్రూప్‌లో ఒక పూర్తి రీస్టోర్ నడిపి చూసిన తరువాతే కొత్త పద్ధతిని రోజువారీ షెడ్యూల్‌లోకి తేవాలి.